చివరి పాదంలో నీతి దొరకని పద్యాలు

"ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు" అని రెండు పాదాల్లో పోలిక చూపించి, "పురుషులందు పుణ్యపురుషులు వేరయా" అని మూడో పాదంలో తీర్పు చెప్పేస్తాడు వేమన. నాలుగోది ఎలాగూ మకుటమే. సుమతీ శతకానిదీ ఇంచుమించు ఇదే దారి. చెప్పదలచుకున్న మాట పద్యంలోనే, పైకి కనబడేచోటే ఉంటుంది. బళ్లో ప్రతిపదార్థాలు, తాత్పర్యాలు రాసి రాసి అలవాటైన చెయ్యి ఇంగ్లిష్ పద్యం దగ్గరికి వచ్చినా అదే పని చేస్తుంది. కష్టమైన మాటలకు అర్థాలు చూసుకుంటుంది, చివరి రెండు పాదాల్లోంచి ఒక నీతి లాగుతుంది, 'థీమ్ ఏమిటి' అన్న నాలుగు మార్కుల ప్రశ్న కింద అది రాసి పెన్ను మూసేస్తుంది.

ఈ పద్ధతి వల్ల వేమనకు పెద్దగా నష్టం లేదు. రాబర్ట్ ఫ్రాస్ట్‌కీ, షెల్లీకీ, కీట్స్‌కీ ఉంది. ఇంగ్లిష్‌లో బాగా పేరుపడ్డ పద్యాల్లో చాలావాటికి ఒక చిత్రమైన గతి పట్టింది. అందులోంచి ఒక్క పాదం ఊడివచ్చి సామెతలా ఊళ్లు తిరుగుతుంది. మిగతా పద్యమంతా ఆ పాదంతో పోట్లాడుతూ పుస్తకంలోనే ఉండిపోతుంది. పోస్టర్ల మీదా, వీడ్కోలు సభల్లోనూ, పొద్దున్నే వచ్చే వాట్సాప్ మెసేజీల్లోనూ కనబడేది ఆ ఊడివచ్చిన ముక్కే. అందుకే వీటిని చదవడానికి కూర్చున్నప్పుడు సందేశం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఈ మాట అంటున్నది ఎవరు అన్నది ముందు తేల్చుకోవాలి. దుర్యోధనుడి నోట వచ్చిన పద్యాన్ని తిరుపతి వేంకట కవుల సొంత అభిప్రాయమని నాటకం చూసేవాళ్లెవరూ అనుకోరు. చిన్న పద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మెలకువ ఎందుకో పనిచేయదు.

ఇందుకు అందరికంటే ఎక్కువ బలైపోయింది ఫ్రాస్టే. "గుడ్ ఫెన్సెస్ మేక్ గుడ్ నైబర్స్", అంటే గోడలు బాగుంటే ఇరుగుపొరుగు బాగుంటుంది అన్న మాట 1914 నాటి 'నార్త్ ఆఫ్ బోస్టన్' సంపుటిలోని 'మెండింగ్ వాల్' పద్యంలోది. సరిహద్దుల గురించి ఎవరు వాదించినా ఇది ఎక్కడో ఒకచోట తగులుతుంది. పద్యంలో జరిగేది చిన్న సంగతి. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ పల్లెలో ఇద్దరి భూముల మధ్య ఒక రాతిగోడ. చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బడంతో అక్కడక్కడా రాళ్లు జారిపడతాయి. వసంతం రాగానే ఇద్దరూ గోడకు చెరోవైపు నడుస్తూ, ఎవరి వైపు పడ్డ రాళ్లు వాళ్లు ఎత్తి పేరుస్తారు. కథ చెప్పే మనిషి మధ్యలో పరాచికాలాడతాడు: నావి ఆపిల్ చెట్లు, నీవి పైన్ చెట్లు, నా చెట్లు గోడ దాటొచ్చి నీ పైన్ కాయలు తింటాయా ఏమిటి? దానికి పొరుగాయన చెప్పే జవాబు ఆ ఒక్క ముక్కే. రెండుసార్లూ అదే అంటాడు. అది వాళ్ల నాన్న చెప్పిన మాటనీ, దాని వెనక ఏముందో ఆయన తొంగి చూడడనీ పద్యమే చెబుతుంది. పైగా పద్యం మొదలైందే గోడంటే గిట్టనిది ఏదో ఉంది అంటూ.

అలాగని గోడలొద్దు అన్నదే ఫ్రాస్ట్ నీతి అని రాసుకున్నా తొందరపాటే. ఏటా పొరుగాయనకు కబురుపెట్టి గోడ పనికి పిలిచేది ఎవరు? పరాచికాలాడుతున్న ఈయనే. వేటగాళ్లు కుందేలు కోసం రాళ్లు పీకి పడేస్తే ఒంటరిగా వెళ్లి సర్దిపెట్టేదీ ఈయనే. ఎందుకు కావాలో తెలియకుండా కావాలనేవాడు ఒకవైపు, వద్దంటూనే కట్టేవాడు మరోవైపు. పద్యంలో వాళ్లిద్దరూ కలిసి నడిచేది కూడా ఆ గోడ పక్కనే. పొలం గట్టు తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబంలోంచి వచ్చిన పాఠకుడికి పొరుగాయన మాటే సబబుగా తోస్తే తప్పేమీ లేదు. కాకపోతే ఆ మొగ్గు చదివేవాడిది. పద్యం మాత్రం తీర్పు రిజర్వులో ఉంచింది.

కీట్స్ 'ఓడ్ ఆన్ ఎ గ్రీషియన్ అర్న్'లో "అందమే సత్యం, సత్యమే అందం" అనేది కీట్స్ కాదు, ఒక పాత గ్రీకు కలశం. దాని మీద బొమ్మలున్నాయి. అందులో ప్రియుడు ఎన్నటికీ ముద్దుపెట్టలేడు, ప్రియురాలు ఎన్నటికీ ముసలిదవదు. కాలం తాకని వస్తువు అలా మాట్లాడటం సహజమే. మరి మనుషులకు తెలిసిందీ, తెలియాల్సిందీ అంతే అన్న తర్వాతి మాట ఎవరిది? కలశానిదా, కవిదా? 1820లో ఒక కళల పత్రికలో మొదట అచ్చయినప్పుడు అక్కడ కొటేషన్ గుర్తులు లేవు. అదే ఏడాది పుస్తకంగా వచ్చినప్పుడు మొదటి ముక్కకు మాత్రం పెట్టారు. ఆ రెండు చిన్న గుర్తుల మీద పండితులు రెండు వందల ఏళ్లుగా కొట్టుకుంటున్నారంటే నవ్వొస్తుంది గానీ, నిజానికి కొట్టుకోవలసిన చోటే అది.

మళ్లీ ఫ్రాస్ట్ దగ్గరికి వస్తే, 'ది రోడ్ నాట్ టేకెన్' ఇరవై పాదాల పద్యం. అందులో జనానికి గుర్తున్నవి చివరి రెండు: తక్కువమంది నడిచిన దారి పట్టాను, తేడా అంతా అక్కడే వచ్చింది. వ్యక్తిత్వ వికాసం క్లాసులకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు. అయితే నలుగురూ పోని దారి అన్నది పద్యంలో ఎక్కడుందని పాదం వెంట పాదం వెతుక్కుంటూ పోతే విషయం అడ్డం తిరుగుతుంది. అడవిలో దారి చీలినచోట నిలబడ్డ మనిషి ఒక దారిని కనుచూపు ఆనినంత మేర చూస్తాడు. తర్వాత రెండోది పట్టుకుంటాడు, దాని మీద గడ్డి కాస్త ఎక్కువుంది, నడక తక్కువున్నట్టుంది అని. వెంటనే సర్దుకుంటాడు: ఆ మాటకొస్తే, రాకపోకలకు రెండూ నిజానికి ఒకేలా అరిగాయి. మూడో చరణం ఇంకా సూటిగా అంటుంది. ఆ పొద్దున రెండు దారులూ సమానంగా ఉన్నాయి, వాటి మీద రాలిన ఆకుల్ని ఏ అడుగూ ఇంకా నల్లబరచలేదు.

అంటే తక్కువమంది నడిచిన దారి అనేది అక్కడ లేనే లేదు. మరి చివర ఆ మాట ఎందుకన్నట్టు? నాలుగో చరణంలో కాలం మారిపోతుంది. ఏళ్లూ పూళ్లూ గడిచాక ఎక్కడో కూర్చుని నిట్టూరుస్తూ ఈ సంగతి ఇలా చెబుతుంటాను, అంటాడు. తక్కువమంది నడిచిన దారి అన్నది ఆ ముసలితనపు కథలోని మాట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు ఒకసారి తడబడుతుంది కూడా. పాదం చివర 'నేను' అని ఒక గీత, మళ్లీ కింది పాదం మొదట్లో 'నేను'. తనకే పూర్తిగా నమ్మకం కలగని కథను మొదలుపెట్టేవాడి ఆగడం అది.

ఇంటర్‌లో ఎంపీసీయా బైపీసీయా అన్నది చాలామంది విషయంలో తేలేది ఫీజు వల్లా, బస్సు రూటు వల్లా, స్నేహితుడు ఏ గ్రూపులో చేరాడన్నదాని వల్లా. పాతికేళ్లు పోయాక అదే సంగతి పిల్లల ముందు ఆలోచించి తీసుకున్న నిర్ణయంగా మారుతుంది. అబద్ధమాడుతున్నారని కాదు. జరిగినదానికి ఒక వరస లేకపోతే మనిషికి నిద్రపట్టదు. ఫ్రాస్ట్ పట్టుకున్నది ఆ అవసరాన్ని. పద్యం పేరు కూడా చూడాలి. నడిచిన దారి మీద పెట్టలేదు, నడవని దారి మీద పెట్టాడు.

ఈ పద్యానికి ఒక అసలు మనిషి ఉన్నాడు. 1914లో ఫ్రాస్ట్ ఇంగ్లండ్‌లో, గ్లాస్టర్‌షైర్ పల్లెల్లో ఉండేవాడు. అక్కడ ఎడ్వర్డ్ థామస్ అనే రచయిత ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. ఇద్దరూ కలిసి మైళ్లకొద్దీ నడిచేవారు. ఏ దారిలో వెళ్లినా, అటు వెళ్లివుంటే ఇంకా మంచివి చూపించేవాణ్ణి కదా అని థామస్ నొచ్చుకునేవాడు. అమెరికా తిరిగివెళ్లాక ఫ్రాస్ట్ ఈ పద్యం రాసి, వేళాకోళంగా ఆయనకే పంపాడు. థామస్ దాన్ని వేళాకోళంగా తీసుకోలేకపోయాడు. 1915 ఆగస్టులో 'అట్లాంటిక్ మంత్లీ'లో పద్యం అచ్చయింది. దానికి కొద్దిగా ముందే, జూలైలో, థామస్ సైన్యంలో చేరాడు. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్స్‌లోని ఆరాస్ యుద్ధంలో చనిపోయాడు. పద్యం చదివే సైన్యంలో చేరాడని తేల్చి చెప్పేవాళ్లున్నారు. అదీ మళ్లీ తర్వాత అల్లుకున్న కథే కావచ్చు. కానీ ఈ సంగతులు తెలిశాక ఆ నిట్టూర్పును వట్టి ఎకసెక్కెం అని కొట్టిపారేయడం కష్టం. అది పశ్చాత్తాపమో, తృప్తో, ఊరికే వయసు తెచ్చిన ఆయాసమో పద్యం చెప్పదు. పోస్టరు చదువు ఎంత తప్పో, ఇదంతా జోక్ అన్న చదువూ అంతే అరకొర.

వర్డ్స్‌వర్త్ పద్యంలో 'నేను' అన్నదాన్ని కూడా ఇలాగే కొంచెం అనుమానించాలి. మేఘంలా ఒంటరిగా తిరిగాను అని మొదలయ్యే డాఫడిల్స్ పద్యం ఇంగ్లిష్ చదివిన ప్రతి తెలుగువాడికీ తెలుసు, ఆ పసుపుపచ్చ పువ్వును ఎన్నడూ చూడకపోయినా. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆయన ఒంటరిగా లేడు, చెల్లెలు డొరోతీ పక్కనే ఉంది. అలసిపోయిన పూలు రాళ్లను తలగడ చేసుకుని పడుకున్నట్టున్నాయని ఆమె డైరీలో రాసుకుంది. రెండేళ్ల తర్వాత పద్యం రాయడానికి కూర్చున్నప్పుడు ఆయన చెల్లెల్నీ తీసేశాడు, అలసిపోయిన పూలనూ తీసేశాడు. ఏకాంతపు ఆనందమైన లోచూపు గురించిన రెండు పాదాలు, ఈ పద్యంలోకెల్లా మంచివి, భార్య మేరీ ఇచ్చినవని ఆయనే ఒప్పుకున్నాడు. ఏకాంతం మీద అంత పేరున్న పద్యంలో ముగ్గురి చెయ్యి ఉందన్నమాట. దానివల్ల పద్యం విలువ తగ్గదు. చివరి చరణంలో క్రియలన్నీ భూతకాలంలోంచి వర్తమానంలోకి మారడం గమనిస్తే, అది పూల గురించి కాదనీ, తర్వాత ఎప్పుడో సోఫా మీద పడుకున్న మనిషి తలలో జరిగేదాని గురించి అనీ తెలుస్తుంది.

షెల్లీ పేరు తెలుగు సాహిత్యంలో దేవులపల్లి కృష్ణశాస్త్రి పక్కన వినబడుతుంది. ఆయన్ను ఆంధ్రా షెల్లీ అన్నారు. భావకవుల ద్వారా మనకు చేరిన షెల్లీ ఆకాశంలో పాడే పిట్టల షెల్లీ, పడమటి గాలి షెల్లీ. 'ఓజిమాండియస్' రాసిన షెల్లీ కొంచెం వేరే మనిషి. నాస్తికత్వం మీద కరపత్రం వేసినందుకు 1811లో ఆక్స్‌ఫర్డ్ గెంటేసిన కుర్రాడు, రాజులంటే ఒళ్లు మండేవాడు. 1817 చివర్లో హొరేస్ స్మిత్ అనే స్నేహితుడితో పందెం కట్టి, ఇద్దరూ ఒకే విషయం మీద చెరో సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం, రాశారు. షెల్లీది 1818 జనవరి 11న 'ది ఎగ్జామినర్' పత్రికలో మారుపేరుతో వచ్చింది. స్మిత్‌ది మూడు వారాల తర్వాత అదే పత్రికలో వచ్చింది.

ఓజిమాండియస్ అంటే ఈజిప్టు చక్రవర్తి రెండో రామ్సెస్‌కు గ్రీకుల నోట పలికిన పేరు. ఆయన విగ్రహం మీది శాసనాన్ని క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ రాసిపెట్టాడు: రాజులకు రాజును, నేనెంతవాణ్ణో తెలుసుకోవాలనుకునేవాడు నా పనుల్లో ఒక్కదాన్నైనా మించి చూపించాలి, అని. మన శాసనాల్లోని బిరుదుల వరస చదివినవాళ్లకు ఈ స్వరం కొత్తేమీ కాదు. షెల్లీ దాన్ని ఇంకాస్త బిగించాడు: బలవంతులారా, నా పనులు చూడండి, నిరాశపడండి.

పద్నాలుగు పాదాల్లో ఎన్ని గొంతులున్నాయో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. 'నేను' అన్న మనిషికి ఒక్క పాదం దాటి మాట లేదు. ఆయనకు ఒక బాటసారి కనబడ్డాడు, మిగతాదంతా బాటసారి చెప్పింది. బాటసారి చెప్పినదాంట్లో రాతి మీది రాత ఉంది, ఆ రాతలో రాజు గొంతు ఉంది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెబుతుంటే విన్నాం అన్నంత దూరానికి జరిగిపోయాడు చక్రవర్తి. ఆయన్ను ఎవరూ దించలేదు, ఓడించలేదు. పద్యం యుద్ధం ఊసే ఎత్తదు. దూరం ఒక్కటే ఆయనకు పట్టిన గతి.

పద్యం మధ్యలో ఒక మనిషి నిశ్శబ్దంగా నిలబడి ఉంటాడు, శిల్పి. ఇసుకలో సగం కూరుకుపోయిన ఆ పగిలిన ముఖంలో ముడిపడ్డ బొమలు, ముడతపడ్డ పెదవి, ఆజ్ఞలిచ్చి అలవాటైన ఈసడింపు ఇంకా కనబడుతున్నాయంటే, చెక్కినవాడు ఆ లక్షణాల్ని బాగా చదివాడన్నమాట. ఆ చేతి గురించి షెల్లీ 'మాక్డ్' అన్న మాట వాడాడు. ఆ మాటకు పాత ఇంగ్లిష్‌లో రెండర్థాలు: ఉన్నదున్నట్టు అనుకరించడం, వెక్కిరించడం. మిమిక్రీ అన్న మాటలో మనం రెండూ కలిపి వింటాం కాబట్టి తెలుగు చెవికి ఇది సులువుగానే అందాలి. రాజు తన ఘనత కోసం కూలి ఇచ్చి చెక్కించుకున్నాడు. చెక్కినవాడు అడిగినదే ఇచ్చాడు, కాకపోతే నిజం కలిపి ఇచ్చాడు. దిమ్మ మీద ఉన్నది రాజు పేరు, శిల్పి పేరు లేదు. మిగిలింది మాత్రం శిల్పి చూపు.

శాసనం ముగిసిన వెంటనే మూడే మాటలు: "నథింగ్ బిసైడ్ రిమెయిన్స్." ఇంకేమీ మిగల్లేదు. చూడండి అన్నాడు కదా, చూద్దామంటే చూడటానికేమీ లేదు. నిరాశపడండి అన్న మాట అక్షరం మారకుండానే అడ్డం తిరుగుతుంది. నాతో సరితూగలేరని నిరాశపడండి అని ఆయన అన్నాడు. మీ గతీ ఇంతే, నిరాశపడండి అని మనకు వినబడుతుంది. మన ఆలంకారికులు వాచ్యార్థం, వ్యంగ్యార్థం అని వేరుచేసి చెప్పింది ఇలాంటి చోట్ల కోసమే. ఆ తర్వాతి పాదాల్లో శబ్దాలు జంటలు జంటలుగా వస్తాయి. బౌండ్‌లెస్-బేర్, లోన్-లెవెల్, శాండ్స్-స్ట్రెచ్. వృత్త్యనుప్రాస అని మనం పేరు పెట్టుకున్నదే. ఇక్కడ అది అలంకారంగా పనిచేయదు. ఒకే అక్షరం మళ్లీ మళ్లీ రావడంతో ఎటు చూసినా ఒకే ఇసుక అన్నట్టుంటుంది.

స్మిత్ పద్యం పక్కన పెట్టి చూస్తేనే షెల్లీ ఏం చేయలేదో తెలుస్తుంది. స్మిత్ కూడా ఎడారిలో ఒంటరి కాలును చూపించాడు. అయితే అక్కడ ఆగక, ఎప్పుడో ఒకనాడు లండన్ ఉన్నచోట అడవి పెరిగితే ఒక వేటగాడు ఆ శిథిలాలు చూసి ఇక్కడ ఎవరుండేవారో అనుకుంటాడని విప్పి చెప్పాడు. ఊహ మంచిదే. విప్పి చెప్పడం వల్లే మూసుకుపోయింది. షెల్లీ లండన్ పేరెత్తలేదు. నెపోలియన్ సెయింట్ హెలీనా దీవిలో బందీగా ఉన్న రోజులవి. పత్రిక తెరిచిన పాఠకుడికి ఏ పేరు తోచాలో అది తోచే ఉంటుంది.

ఇంకో సంగతి. బెల్జోనీ అనే ఇటలీ మనిషి 1816లో థీబ్స్ నుంచి తరలించిన రామ్సెస్ విగ్రహపు పైభాగం లండన్ చేరింది 1818లో, పద్యం అచ్చయ్యాక. అది ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ ముఖంలో ఈసడింపు లేదు, బొమలు ముడిపడలేదు, ప్రశాంతంగా చిరునవ్వుతో ఉంటుంది. ఆ ఈసడింపు షెల్లీ పెట్టింది.

నీతివాక్యంతో దాపరికం లేకుండా తలపడిన పద్యమూ ఒకటుంది. దేశం కోసం చావడం తీయనిది, తగినది అన్న పాత రోమన్ కవి హొరేస్ లాటిన్ పాదాన్ని ఇంగ్లిష్ సైనికకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1917లో తన పద్యానికి పేరుగా పెట్టుకుని, విషవాయువులో ఊపిరాడక చనిపోతున్న సైనికుణ్ణి చూపించి, ఆ పాదాన్ని పాత అబద్ధం అన్నాడు. యుద్ధం ఆగడానికి వారం ముందు, 1918 నవంబర్ 4న ఆయనా పోయాడు. ఇక్కడ సందేశం ఏమిటని ఎవరూ తడుముకోనక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఆ పద్యంలో సందేశం కంటే బలమైనది చివరి పాదమే. మిగతావాటిలో సగమే ఉండి, ఊపిరి తెగినట్టు ఆగిపోతుంది.

శబ్దం దగ్గరికి వచ్చాం కాబట్టి మనకున్న ఒక ఇబ్బంది చెప్పుకోవాలి. తెలుగు ఛందస్సు గురులఘువుల మీద, అంటే పలకడానికి పట్టే కాలం మీద నడుస్తుంది. ఇంగ్లిష్ ఛందస్సు ఊనిక మీద, అంటే మాటలో ఏ భాగాన్ని నొక్కి పలుకుతామన్నదాని మీద నడుస్తుంది. మనం ఇంగ్లిష్‌ను అక్షరానికి అక్షరం సమానంగా పలుకుతాం కాబట్టి పద్యం వచనంలా వినబడుతుంది. ప్రాస సంగతీ అంతే. మనకు ప్రాస పాదంలో రెండో అక్షరం, వాళ్లకు పాదం చివర. ఈ రెండు తేడాలూ చెవికి పట్టాక ఫ్రాస్ట్ 'స్టాపింగ్ బై వుడ్స్ ఆన్ ఎ స్నోయీ ఈవెనింగ్'ను గట్టిగా చదివితే, సారాంశం రాసేటప్పుడు జారిపోయేది ఏమిటో తెలుస్తుంది.

1923లో అచ్చయిన ఆ పద్యంలో పాదానికి నాలుగు ఊనికలు. ఎక్కడా తప్పవు. గుర్రపు బండి నడకలా ఉంటుంది. నాలుగు పాదాల చరణంలో ఒకటి, రెండు, నాలుగు పాదాలకు ప్రాస కలుస్తుంది, మూడోది ఒంటరి. ఇది ఒమర్ ఖయ్యాం రుబాయీ పద్ధతి. దువ్వూరి రామిరెడ్డి 'పానశాల'ను ఇష్టపడేవాళ్లకు ఆ మూలం పరిచయమే. ఫ్రాస్ట్ దానికి ఒక మెలిక పెట్టాడు. మూడో పాదంలో ఒంటరిగా మిగిలిన శబ్దం తర్వాతి చరణానికి ప్రాస అవుతుంది. మొదటి చరణంలో 'హియర్' ఒంటరి. రెండో చరణమంతా 'క్వీర్', 'నియర్', 'ఇయర్'. అందులో ఒంటరి అయిన 'లేక్' మూడో చరణాన్ని నడిపిస్తుంది. అంత్యాక్షరి ఆటలాంటిదే. ఈ ఆటలో చిక్కేమిటంటే, ఆగడం కుదరదు. ప్రతి చరణమూ ఇంకొకదాన్ని అడుగుతుంది. అడవి ముందు ఆగిపోవాలనిపించిన మనిషి గురించిన పద్యం, నిర్మాణంలో మాత్రం ఆగనివ్వదు. చివరి చరణంలో ఫ్రాస్ట్ నాలుగు పాదాలకూ ఒకే ప్రాస వేశాడు, చివరి పాదాన్ని రెండుసార్లు చెప్పాడు. నిద్రపోయే ముందు ఇంకా మైళ్లు వెళ్లాలి, నిద్రపోయే ముందు ఇంకా మైళ్లు వెళ్లాలి. మొదటిసారి అది దూరం లెక్క. రెండోసారికి ఏ నిద్ర అన్న అనుమానం వస్తుంది. ఇది చావుకోరిక పద్యం అన్న వ్యాఖ్యానానికి ఫ్రాస్ట్ చిరాకుపడేవాడు. ఆయన చిరాకుపడినా ఆ రెండో పాదం చేసే పని చేస్తూనే ఉంటుంది.

ఈ నాలుగు పాదాలనే జవహర్‌లాల్ నెహ్రూ చివరి రోజుల్లో సొంత చేతిరాతతో రాసుకుని దగ్గర ఉంచుకున్నారు. భారతదేశంలో ఇవి కర్తవ్యబోధగా స్థిరపడటానికి ఆ కాగితం ఒక కారణం. మాట తప్పకూడదు, పని ఆపకూడదు అన్నది అందులో ఉన్నమాట నిజమే. కానీ నిలబెట్టుకోవాల్సిన మాటలున్నాయి అనడానికి ముందు వచ్చే 'బట్' ఉంది కదా, దాని ముందు ఏముందో కూడా చదవాలి. అడవి మనోహరంగా, చీకటిగా, లోతుగా ఉంది. ఫ్రాస్ట్ ఆ పాదంలో ఒక్కటే కామా పెట్టాడు, 'లవ్లీ' తర్వాత. 1969లో ఆయన పద్యాలన్నీ కలిపి సంపాదకుడు ఎడ్వర్డ్ కానరీ లాథమ్ వేసిన సంపుటిలో 'డార్క్' తర్వాత ఇంకో కామా చేరింది. మూడు విశేషణాలు సమానంగా వరసలో నిలబడ్డాయి, సరుకుల చీటీలా. ఒక్క కామాతో చదివితే వేరేలా వినబడుతుంది: మనోహరం, ఎందుకంటే చీకటి, లోతు. ఆ మనిషిని లాగుతున్నది అడవి అందం కాదు, అందులోని చీకటి. అది తెలిస్తేనే 'బట్' అనడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందో తెలుస్తుంది.

ఇక ఊడదీసి సామెత చేయడానికి ఒక్క పాదమూ దొరకని పద్యం చూడాలంటే కీట్స్ 'టు ఆటమ్'. 1819 సెప్టెంబర్ 19, ఆదివారం. వించెస్టర్ ఊరి బయట పొలాల్లో నడిచి వచ్చి రాశాడు. రెండు రోజుల తర్వాత స్నేహితుడు రేనాల్డ్స్‌కు రాసిన ఉత్తరంలో, కోత కోసిన పొలం ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ తెలియలేదు, వసంతపు చల్లని పచ్చదనం కంటే ఇదే బాగుంది, వెచ్చగా కనిపిస్తోంది అన్నాడు. వరి కోశాక మిగిలే కొయ్యకాళ్ల మీద సాయంత్రపు ఎండ పడటం చూసినవాళ్లకు ఆ వెచ్చదనం వివరించక్కర్లేదు. అప్పటికి కీట్స్‌కు ఇరవై నాలుగు నిండలేదు. ముందు డిసెంబర్‌లోనే తమ్ముడు టామ్ క్షయతో పోయాడు. పదిహేడు నెలల తర్వాత, 1821 ఫిబ్రవరిలో, రోమ్‌లో అదే జబ్బుతో తనూ పోతాడు.

ఇవన్నీ తెలిసి పద్యం తెరిస్తే మనిషి మృత్యువు గురించి నేరుగా ఒక్క మాటా ఉండదు. 'నేను' అన్న మాటా లేదు. పదకొండేసి పాదాల మూడు చరణాలు. మొదటిదాన్నిండా క్రియలు: కాయలతో బరువెక్కించడం, కొమ్మలు వంచడం, లోపలికంటా పండించడం, సొరకాయను ఉబ్బించడం. రెండోదాంట్లో శరదృతువు ఒక మనిషి. సగం కోసిన చాళ్ల మధ్య నిద్రపోతుంది, ఆపిల్ గానుగ పక్కన చివరి బొట్లు కారేదాకా గంటల తరబడి చూస్తూ కూర్చుంటుంది. మూడో చరణం మొదట్లో ఒక ప్రశ్న వస్తుంది: వసంతం పాటలేవి, ఎక్కడున్నాయి? జవాబు వెంటనే ఉంది. వాటి సంగతి వదిలేయ్, నీకూ నీ సంగీతం ఉంది. ఆ తర్వాత వాదన లేదు, చప్పుళ్లే ఉన్నాయి. ఏటి ఒడ్డున దోమలు, గాలి లేస్తే పైకి, పడితే కిందికి. ఎదిగిన గొర్రెపిల్లలు, చిమ్మటలు, తోటలో రాబిన్ ఈల.

చివరి పాదంలో వానకోవెలలు ఆకాశంలో కిచకిచమంటూ గుంపు కూడుతుంటాయి. కూడాయి అనలేదు, 'గ్యాదరింగ్' అన్నాడు, కూడుతున్నాయి. ఇంగ్లండ్‌లో అవి సెప్టెంబర్‌లో అలా చేరేది దక్షిణానికి ఎగిరిపోవడానికి. చలి రాబోతోందని వేరే చెప్పనక్కర్లేదు, ఆ ఊరి పాఠకుడికి తెలుసు. కీట్స్ వాటిని ఎగరనివ్వలేదు. ఇంకా గుంపు కూడుతుండగానే పద్యం అయిపోతుంది.